పదీ బతికే ఉన్నాయి

జ్యేష్ఠం 12

ఈ రోజు పరీక్ష పుస్తకంలో ఒక అబద్ధం రాశాను. అది కచేరీ పుస్తకం, అందులో నిజం రాసే ధైర్యం లేదు. ఇంట్లో సగం ఖాళీగా ఉన్న పాత నోటుపుస్తకం ఒకటి ఉంటే తీసి, ఇందులో రాసుకుంటున్నాను.

గొడుగుకొండ మీద మట్టి సాక్షిని నేను. పన్నెండేళ్ళుగా ఇదే పని. ఈ కొండంతా రాయి. డెల్టా సముద్రంలో కలిసిపోయి మా అమ్మానాన్నలు పైకి వచ్చిననాటికి ఇక్కడ గింజ నాటడానికి గుప్పెడు మట్టి లేదట. కింద ఎండిపోయిన పాత చెరువుల అడుగున ఉన్న ఒండ్రును తీగబండి మీద పైకి లాగి, కొండను మెట్లుగా చెక్కి, ఆ మెట్ల మీద పరుచుకుని బతుకుతున్నాం. కింద నుంచి వచ్చిన ఏ మట్టీ నేను పరీక్షించి సంతకం పెట్టకుండా మెట్టు మీద పడకూడదు. కొండ మీద అన్నిటికంటే ముందు పుట్టిన చట్టం అదే.

పరీక్షలు రెండు. మొదటిది పెట్టెతో. దాని సూదులు మట్టిలో గుచ్చితే ఏ లోహం ఎంత ఉందో చెబుతుంది. మా పెట్టెకు ఐదు సూదులుండాలి. రెండు పాడైపోయి ఏడాదిన్నర అయింది. రాగిని, కాడ్మియాన్ని అది పట్టలేదు. అందుకే రెండో పరీక్ష మీద ఆధారపడతాం. కొత్త మట్టిని గాజు తొట్టిలో పోసి, ఓబుళమ్మ గుంతల నుంచి తెచ్చిన పది వానపాముల్ని అందులో వదిలి, పద్నాలుగు రోజులు ఆగాలి. మట్టిలో విషం ఉంటే పెట్టె కనుక్కోలేనిది కూడా వాటి ఒంటికి తెలుస్తుంది. ఊపిరి తీసేదీ ఆ చర్మంతోనే కదా.

ఈసారి మట్టి కొత్త చోటు నుంచి వచ్చింది. పాత చెరువులు అయిపోయాయి. కార్ఖానాల ఊరి చెరువు ఒకటి మిగిలి ఉంటే అక్కడి నుంచి తవ్వుకొచ్చారు. నల్లగా, జిగురుగా, చూడటానికి ఎంతో బాగుంది. తొమ్మిదో తేదీన దిగింది. పదిహేడుకల్లా వానలని రేడియోలో చెప్పారు.

పొద్దున మస్తానయ్య గారు వచ్చారు. కొండకు పెద్ద ఆయనే.

"ఆ మట్టి సంగతి ఏమాయె, హైమమ్మా?"

"ఇంకా పదకొండు రోజులు ఆగాలండీ."

"పదకొండు దినాలకి ఆడ ఉంటుందా అది? వాన పడితే కుప్పంతా కిందికి జారిపోతుంది. పెట్టె ఏమంటాంది?"

"మూడు సూదులూ బాగానే ఉందన్నాయి."

"సరే అయితే," అని లేచారు. నన్ను సంతకం పెట్టమనలేదు. ఆ మాట అని ఉంటే ఈ రోజు నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇంకో సంగతి ఎవరికీ తెలియదు. పదకొండు రోజులు కాదు, పద్నాలుగు రోజులూ మిగిలే ఉన్నాయి. నేను వానపాముల్ని తొట్టిలో వేయనే లేదు. ఓబుళమ్మ గుంతలు కొండకు అవతలి పక్కన ఉన్నాయి. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ మూడు రోజులు గడిపేశాను. ఈ పన్నెండేళ్ళలో ఒక్క తొట్టిలోనూ ఒక్క వానపామూ చావలేదు. ఎప్పుడూ బతికేవే కదా అని నా ధీమా.

పుస్తకం తీసి ఇలా రాశాను. మట్టి దిగిన తేదీ: వైశాఖం 27. వదిలిన వానపాములు: పది. పద్నాలుగో రోజున: పదీ బతికే ఉన్నాయి. హైమావతి, మట్టి సాక్షి.

పది అని రాస్తే సరిపోయేది. ఎప్పుడూ అలాగే రాస్తాను. ఈ రోజు మాత్రం ఎందుకో ఆ దీర్ఘం పెట్టాను.

జ్యేష్ఠం 19

ఏడు, ఎనిమిది, తొమ్మిది మెట్లు నిండాయి. తొమ్మిది కుటుంబాలు మూడేళ్ళు రాళ్ళు కొట్టి చెక్కుకున్న మెట్లవి. లక్షుమన్న, ఆయన భార్య రంగమ్మ వదినలకు ఎనిమిదో మెట్టులో భాగం వచ్చింది. మొదటి వాన పడిన రోజు ఆవిడ గట్టు మీద కూర్చుని కాళ్ళు ఆ మట్టిలో పెట్టి చాలాసేపు తీయలేదు.

వాన తెరిపిచ్చాక ఓబుళమ్మ వచ్చింది. కొత్త మెట్లలో వానపాములు వదలడం ఆమె పని. వాటిని ఆమె ఎర్రలంటుంది. అవి లేకపోతే మట్టి మట్టిగా ఉండదు, రాతిపొడిగా ఉంటుంది. వాళ్ళ అమ్మ కింద ఊరు వదిలి వచ్చేటప్పుడు అందరూ సామాన్లు మోసుకుంటే, ఆవిడ తడి గోనెలో ఎర్రల్ని మోసుకొచ్చిందట. ఈ కొండ మీద ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమే.

మూడు కుండలు తెచ్చి మెట్టుకొకటి ఒంపింది. మామూలుగా మట్టి మీద పడిన వానపాము నిమిషంలో తల దూర్చి మాయమవుతుంది. ఇవి దూర్చలేదు. మట్టి మీదే మెలికలు తిరుగుతూ గట్టు వైపు పాకాయి. ఓబుళమ్మ వంగి చూసింది.

"ఏందే ఇవి, లోపలికి పోవడం ల్యా."

"వాన నీళ్ళకి పైకి వస్తాయి కదా పెద్దమ్మా," అన్నాను.

"పైకొచ్చేది లోపల ఉన్నప్పుడు గదా హైమా. ఇవి ఇంకా లోపలికే పోలే."

మర్నాడు వెళ్ళి చూస్తే గట్టు రాళ్ళ మీద ఎండిపోయి దారాల్లా అతుక్కుని ఉన్నాయి. మట్టి కంటే రాయే నయమనుకున్నాయి. చీపురు తెచ్చి ఊడ్చేశాను. ఎవరూ చూడకముందే ఊడ్చాను.

ఆషాఢం 5

వేరుశనగ బాగా మొలిచింది. కంది మొలిచింది. గట్ల పక్కన రంగమ్మ వదిన చల్లిన తోటకూర నిగనిగలాడుతోంది.

"చూడమ్మా, ఎట్ల లేచినాయో," అన్నాడు లక్షుమన్న. తొమ్మిది కుటుంబాల వాళ్ళూ దారిలో కనిపిస్తే నవ్వుతున్నారు. మస్తానయ్య గారు నలుగురిలో, "హైమమ్మ చెయ్యి మంచిది," అన్నారు.

మొలకకు మొదటి పది రోజులూ గింజలోనే తిండి ఉంటుంది. మట్టి జోలికి వెళ్ళదు. ఈ విషయం పిల్లలకు పాఠం చెప్పేది నేనే. అయినా ఆ పచ్చదనం చూసి, ఏమీ కాదేమో, అబద్ధం రాసినా అది నిజమే అయిందేమో అని ఆశపడ్డాను.

ఆషాఢం 22

ఆకులు పసుపెక్కాయి. ఈనెలు పచ్చగా ఉండి, మధ్యలో మాత్రం రంగు పోయింది. ఏడో మెట్టు మీద మొదలై తొమ్మిదో మెట్టు దాకా వచ్చింది. ఆరో మెట్టు వరకూ మాత్రం పైరు ఏపుగా ఉంది.

లక్షుమన్న పొలంలో లేని సమయం చూసుకుని వెళ్ళి ఒక వేరుశనగ మొక్క పీకాను. చేత్తో లాగితే ఇట్టే వచ్చేసింది. మట్టిని పట్టుకునేంత వేరు దానికి లేదు. తల్లివేరు వేలెడు దిగి గోధుమరంగులో మొద్దుబారి ఆగిపోయింది. పిల్లవేళ్ళ చివర్లు కాలినట్టున్నాయి. వేరుశనగ వేళ్ళకు బుడిపెలుంటాయి. గాలిలోని నత్రజనిని మొక్కకు తిండిగా మార్చే సూక్ష్మజీవులు వాటిలో ఉంటాయి. ఆరో మెట్టు మొక్క బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా, నెత్తురులా ఉంది. ఈ మొక్కకు ఉన్నవే నాలుగు బుడిపెలు. చిదిమితే తెల్లగా, సున్నపు ముద్దలా ఉన్నాయి.

ఇంకొకటి చూశాను, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నెల రోజుల కింద మొక్కల మధ్య పరిచిన ఎండు గడ్డి పరిచినట్టే ఉంది. పాత మెట్ల మీద గడ్డి ఈపాటికి నల్లబడి, బూజుపట్టి, సగం మట్టిలో కలిసిపోయింది. ఇక్కడ ఒక్క పోచ కూడా మెత్తబడలేదు. బూజు లేదు. పురుగు లేదు. చెద లేదు. వాసన కూడా లేదు. ఆ మట్టిలో దేన్నీ తినేవాళ్ళెవరూ బతికి లేరు.

లక్షుమన్న ఎదురొచ్చాడు. "ఏమైంటుందమ్మా ఆకుకి?"

"వాన ఎక్కువైంది కదా అన్నా. నీరు నిలిచి ఉంటుంది."

"ఈ మెట్లలో నీళ్ళు నిలవవు గదమ్మా, కింద గులకరాయి పోసినాము," అన్నాడు మెల్లగా. నన్ను తప్పుపట్టినట్టు కాదు. తనకే ఏదో తెలియడం లేదన్నట్టు.

గుప్పెడు మట్టి మూటగట్టి, మాలాంటి వాళ్ళే ఉంటున్న ఈతకొండకు పంపాను. రెండు రోజుల నడక. వాళ్ళ పెట్టెకు ఐదు సూదులూ పనిచేస్తాయి. ఎవరికీ చెప్పలేదు. ఉత్తరంలో కూడా ఏ మెట్టుదో రాయలేదు.

శ్రావణం 3

ఈ రోజు సభ జరిగింది. మూడు మెట్లలో పైరు పోయినట్టే అని తేల్చారు. ఎందుకు పోయిందన్నదే మిగిలింది.

తొమ్మిదో మెట్టు వాళ్ళలో ఒకరు, ఓబుళమ్మ వదిలిన వానపాములు వదిలినట్టే చచ్చిపోయాయని, వాటికేదో రోగముండి అది మట్టికి అంటిందని అన్నారు. నేను ఊడ్చినా కొన్ని రాళ్ళ సందుల్లో మిగిలాయి కాబోలు, వాళ్ళు చూశారు. మస్తానయ్య గారు పరీక్ష పుస్తకం తెప్పించి నేను రాసిన పేజీ బయటికి చదివారు. పదీ బతికే ఉన్నాయి.

"మట్టి మంచిదే అని రాసుండాది. మట్టి మంచిదైతే తప్పు ఎర్రలదే కావాల," అన్నారు.

అందరూ ఓబుళమ్మ వైపు తిరిగారు. ఆమె నా వైపు తిరిగింది.

"హైమా, ఆ పరీక్షకి ఎర్రలు యాడివి? నా కాడికి నువ్వు రాలేదే."

ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఇన్నాళ్ళూ భయపడుతూనే ఉన్నాను. ఆమె గట్టిగా అడగలేదు. నిందించలేదు. తనకు గుర్తులేదేమో అని అడిగినట్టు అడిగింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. నోరు తెరిచాను కూడా.

"కిందటి పరీక్షవి తొట్టిలో మిగిలి ఉన్నాయి పెద్దమ్మా. వాటినే వాడాను," అన్నాను.

"ఓ. అట్లనా," అంది. నమ్మింది. పోనీ నమ్మినట్టు ఊరుకుంది.

రోగం పాత మెట్లకు పాకకముందే ఓబుళమ్మ గుంతలు పదకొండింటిలోనూ కాల్చిన సున్నం పోయాలని తీర్మానం చేశారు. దగ్గరుండి చేయించాల్సిన బాధ్యత మట్టి సాక్షిది.

శ్రావణం 5

ఇది రాయడానికి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను.

పొద్దున పదిమంది సున్నం గంపలతో వచ్చారు. ఓబుళమ్మ గుంతల మీది తాటాకు కప్పులు తనే తీసి పక్కన పేర్చింది. ఇంకొకళ్ళు తీస్తే ఆకు విరుగుతుందంది. ఇక ఆ కప్పులతో పనిలేదని ఆమెకు తెలుసు, అయినా జాగ్రత్తగా పేర్చింది.

గుంతల్లో పేడ, ఆకులు మగ్గి టీపొడిలా అయ్యాయి. చెయ్యి పెడితే వానపాములు వేళ్ళ మధ్య కదులుతాయి. పదకొండు గుంతల్లో ఎన్ని లక్షలో. ఆరోగ్యంగా, ఎర్రగా, తళతళలాడుతూ ఉన్నాయి. రోగమన్నది ఎలా ఉంటుందో తెలిసిన వాళ్ళెవరైనా ఒక్కసారి వంగి చూస్తే చాలు. ఎవరూ చూడలేదు. చూడాల్సిన దాన్ని నేనే.

"మస్తానూ, ఒక్క కుండ ఉంచుకుంటా. దూరంగా, కొండ చివర పెట్టుకుంటా. ఎవురి మెట్టు కాడికీ తేను," అంది ఓబుళమ్మ.

మస్తానయ్య గారికి మనసు ఒప్పింది. ఆ మొహంలోనే కనిపించింది. "ఏమంటావు హైమమ్మా?" అని నన్నడిగారు.

ఒక కుండ ఉంటే అది బతుకుతుంది. అది బతికితే రోగం లేదని తేలుతుంది. రోగం లేదంటే తప్పు మట్టిదని అందరికీ తెలుస్తుంది. ఇదంతా నాకు ఆయన ప్రశ్న పూర్తయ్యేలోపే తట్టింది. నాలో అంత చురుకుదనం ఎప్పుడూ చూడలేదు నేను.

"ఒక్క కుండ అయినా ప్రమాదమేనండీ," అన్నాను.

సున్నం పోశారు. తడి గుంతల్లో పడగానే అది బుసబుసమంది. ఆవిరి లేచింది. ఓబుళమ్మ ఆ పక్కనే గట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. పదకొండో గుంత అయ్యాక లేచి, గంపలు మోసిన ఒకామె చెయ్యి పట్టుకుని చూసి, "కాలిందే నీకు. కొబ్బరినూనె రాసుకో పో," అంది.

పదకొండు గుంతల్లోనూ సున్నం పోసినట్టు రాసి సంతకం పెట్టాను. ఆ పేజీలో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

శ్రావణం 9

ఈతకొండ నుంచి జవాబు వచ్చింది. చిన్న కాగితం.

సీసం, పాదరసం, ఆర్సెనిక్ హద్దులోనే. రాగి హద్దుకు ఆరింతలు. కాడ్మియం పదకొండింతలు. కింద వాళ్ళ పరీక్షకుడి చేతిరాత: ఈ మట్టిలో రాగికి వేళ్ళు, వానపాములు, బుడిపెల్లోని జీవాలు చచ్చిపోతాయి, అది కంటికి కనిపిస్తుంది. కాడ్మియం కనిపించదు. కొన్ని ఆకుకూరలు దాన్ని పీల్చుకుని కూడా పచ్చగా ఏపుగా పెరుగుతాయి. ఈ మట్టిలో పెరిగిన ఆకు ఏదీ ఎవరూ తినకూడదు. దయచేసి ఏ మెట్టో వెంటనే చెప్పండి.

కాగితం చేతిలో ఉండగానే గుమ్మంలో రంగమ్మ వదిన పిలిచింది. ఒడిలో తోటకూర కట్ట. ఎర్రటి కాడలు, అరచేతంత ఆకులు.

"పంట పోతే పోయిందిలే హైమా. దేవుడు ఈ ఆకైనా ఇచ్చినాడు. మా తొమ్మిదిళ్ళ వాళ్ళం దీంతోనే జరుపుకొంటాండాము. నీకివ్వనేలేదని తెచ్చినా."

"ఎన్నాళ్ళ నుంచి తింటున్నారు వదినా?"

"ఇరవై దినాలు దాటింది. దినామూ ఇదే. మా కోడలికైతే రెండు పూటలా పెడతాండా, పాలిచ్చే మనిషి గదా."

నేను ఆ కట్ట అందుకున్నాను. ఎందుకు అందుకున్నానో తెలియదు. ఆమె చేతులు చాపి ఉంది, అందుకున్నాను. బరువుగా, చల్లగా ఉంది. తర్వాత నేల మీద కూలబడ్డాను. రంగమ్మ వదిన కంగారుగా నీళ్ళు తెచ్చి నా మొహం తుడిచింది. "పొద్దున ఏమైనా తిన్నావా?" అని అడిగింది. ఆమె చెయ్యి నా నుదుటి మీద ఉండగానే చెప్పేశాను.

ఆమె చెయ్యి తీసింది. వాకిట్లోకి వచ్చి కోడలి పేరు పెట్టి పిలుస్తూ ఇంటివైపు పరుగెత్తింది. అరవై ఏళ్ళ మనిషి మెట్ల మీద అలా పరుగెత్తడం చూసి నేను వెళ్ళి సభ గంట కొట్టాను.

శ్రావణం 10

నిన్న ముందుగా తొమ్మిదిళ్ళలో వండిన కూర పారబోయించాం, కోసిన ఆకు గుంటలో వేయించాం. సభ ఈ రోజు జరిగింది.

నన్ను పేజీ చదవమన్నారు. చదివాను. తర్వాత ప్రతి మాటకూ నిజం చెప్పాను. మట్టి వైశాఖంలో కాదు, జ్యేష్ఠం తొమ్మిదిన దిగింది. వానపాముల్ని వేయలేదు. పద్నాలుగు రోజులు ఆగలేదు. ఓబుళమ్మ అడిగినప్పుడు మళ్ళీ అబద్ధమాడాను. నా గొంతు వణకలేదు. వణికితే బాగుండేది, మనిషిలా ఉండేదాన్ని.

ఎవరో ఒకరు కొడతారనుకున్నాను. అప్పుడు లక్షుమన్న లేచాడు. ఆయన కళ్ళు నా మీద లేవు.

"తొమ్మిదో తేదీ తీగబండి నుంచి ఆ మట్టి దించినోణ్ణి నేనే. పదమూడున నా మెట్టు మీద పరుచుకున్నోణ్ణీ నేనే. పద్నాలుగు దాకా లెక్కబెట్టడం నాకు రాదా? వచ్చు. లెక్కబెడితే ఆగాలని తెలిసి లెక్కబెట్టలేదు." ఆయన కోడలు బిడ్డనెత్తుకుని వెనక కూర్చుని ఉంది. "నా ఇంటికి నేనే పెట్టుకున్నా," అని కూర్చున్నాడు.

మస్తానయ్య గారు తల దించుకునే, "తేదీ చూసినా నేను. పుస్తకంలో వైశాఖం అని ఉంటే చూసి మూసేసినా," అన్నారు.

ఇంకొకరు లేచి ఏదో అన్నారు. ఇంకొకరు. ఆ మాటలు వింటుంటే నా భుజాల మీద నుంచి ఎవరో మూట దించుతున్నట్టు అనిపించింది. సిగ్గులేకుండా రాస్తున్నాను, హాయిగా అనిపించింది.

అప్పుడు ఓబుళమ్మ మాట్లాడింది.

"అందరూ తలా ఇంత తీసుకుంటే నాకేం మిగుల్తుంది? పదకొండు గుంతలు పోయినాయి నావి. నేను ఎవుర్ని తిట్టుకోవాల? ఊరినంతా తిట్టుకుంటూ కూర్చోవాల్నా?"

"నన్నే తిట్టు పెద్దమ్మా," అన్నాను. "ఇంకొకటి చెప్పలేదు. ఆ రోజు నువ్వు కుండ అడిగావు. పెద్దాయన ఇచ్చేవారే. వద్దన్నది నేను. నీ ఎర్రలకు రోగం లేదని తెలిసే వద్దన్నాను. అవి బతికితే నేను దొరికిపోతానని."

సభ అప్పుడు కదిలింది. ఎవరో ఛీ అన్నారు. అప్పటిదాకా తమ వంతు చెప్పుకున్నవాళ్ళు కూడా నాకు దూరం జరిగారు. అదే సరైనది.

ఓబుళమ్మ నన్ను చూస్తూ ఉండిపోయింది. తిట్టలేదు. కొంగు సర్దుకుని లేచి, జనం దారి ఇస్తే వెళ్ళిపోయింది.

భాద్రపదం 18

నన్ను సాక్షి పని నుంచి తీసేశారు. ఇక మీదట ఇద్దరు సంతకం పెట్టాలి, తొట్టి సభలోనే అందరికీ కనపడేలా ఉండాలి అని చట్టం మార్చారు. ఇప్పుడు నేను మట్టి మోస్తున్నాను. ఏడో మెట్టును రాయి కనిపించేదాకా గీకి, బంకమట్టి పరిచిన గుంటలో పూడుస్తున్నాం. మిగిలిన రెండింటికీ గుంట చాలదు. వాటిలో సున్నం, బొగ్గు కలిపి పొద్దుతిరుగుడు చల్లారు. అవి లోహాన్ని కొద్దికొద్దిగా పైకి లాగుతాయి. ఆ గింజ తినకూడదు, కాడ ఎరువులో వేయకూడదు. అలా ఎన్ని పంటలు తీస్తే మట్టి తేటపడుతుందో ఈతకొండ వాళ్ళు కూడా చెప్పలేకపోయారు. నా బతుకులో కాకపోవచ్చన్నారు.

ఈతకొండ నర్సమ్మ వచ్చి తొమ్మిదిళ్ళ వాళ్ళనూ చూసింది. ఇరవై రోజుల తిండికి ఇప్పుడే ఏమీ కాదంది. కానీ ఒంట్లో చేరింది ఇరవై ముప్పై ఏళ్ళు పోదు, మూత్రపిండాల్లో కూర్చుంటుంది, ఏటా చూపించుకోవాలంది. రంగమ్మ వదిన కోడలు, "బిడ్డకో?" అని అడిగింది. పాలలోకి చాలా తక్కువ దిగుతుందని చెప్పింది నర్సమ్మ. చాలా తక్కువ అన్న మాట విని ఆ పిల్ల నా వైపు చూసింది. నేను మట్టి గంపతో ఆ వాకిలి దాటుతున్నాను. తల తిప్పుకోకుండా ఉండటం మాత్రమే నాకు చేతనైంది.

పైరున్న పాత మెట్లలో ఎర్రల కోసం తవ్వనివ్వరని ఓబుళమ్మ ఈతకొండకు నడిచి వెళ్ళింది. అక్కడి గుంతల్లోవీ ఒకప్పుడు ఓబుళమ్మ వాళ్ళ అమ్మ ఇచ్చినవేనట. అడిగి తెచ్చుకుంటానంది. తోడు వస్తానని మస్తానయ్య గారితో కబురు పంపాను. వద్దని కబురొచ్చింది.

ఆశ్వయుజం 2

ఓబుళమ్మ తిరిగి వచ్చింది. భుజం మీద తడి గోనె. కాళ్ళు వాచి ఉన్నాయి.

పెట్టడానికి చోటు లేదు. ఆమె వాకిలి చుట్టూ సున్నం వానకు పారి నేల తెల్లగా ఉంది. పదకొండు గుంతల్లో ఒక్కటీ పనికిరాదు. పైరున్న మెట్ల మీద తవ్వనివ్వరు. రోజంతా నీడ ఉండి, మంచి పాత మట్టి ఉన్న పెరడు ఈ పక్కన ఒక్కటే ఉంది, మాది. మస్తానయ్య గారు ఆమెను అడగడానికి భయపడ్డారు. ఆమే మా పెరట్లోకి వచ్చి, నేల గీరి చూసి, వాసన చూసి, "ఈడ తవ్వు," అంది. నాతోనా, పెద్దాయనతోనా అన్నది తెలియలేదు. తవ్వింది నేను.

ఆశ్వయుజం 20

ఓబుళమ్మ రోజూ పొద్దున వస్తుంది. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, తాటాకు కప్పు ఎత్తి, పైపొర వేలితో కదిపి చూసి, మూసి వెళ్ళిపోతుంది. నేను ఉన్నా లేనట్టే. మొదట్లో ఆ సమయానికి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. తర్వాత అది కూడా దాక్కోవడమే అనిపించి, బయటే నిలబడటం మొదలుపెట్టాను. పద్దెనిమిది రోజులు ఒక్క మాట లేదు.

ఈ రోజు కప్పు ఎత్తి, గుప్పెడు తీసి పిండి చూసింది. వేళ్ళ సందుల్లోంచి నీరు కారింది.

"నీళ్ళు ఎక్కువ పోస్తాండావు," అంది.

"తగ్గిస్తాను పెద్దమ్మా."

"ఎన్ని పోస్తాండావు?"

"పొద్దున రెండు చెంబులు, సాయంత్రం ఒకటి."

ఆమె తల ఊపి కప్పు అందుకుంది. నా నోటి నుంచి ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. భయం లేదు, కాపాడుకోవాల్సిన పనీ లేదు, ఎవరూ అడగని పరువు కోసం ఒక్క చెంబు తగ్గించి చెప్పాను.

"కాదు పెద్దమ్మా. సాయంత్రం కూడా రెండే పోస్తున్నాను."

ఆమె కప్పు పట్టుకుని అలాగే ఆగింది. తల తిప్పి నన్ను చూసింది. సభలో చూసినప్పటి తర్వాత మళ్ళీ చూడటం ఇదే.

"నాలుగు చెంబులు," అంది.

"నాలుగు."

కప్పు మూసి, చేతులు చీరకు తుడుచుకుంది.

"పొద్దున ఒకటి. సాయంత్రం వద్దు. నేను చూసి చెప్తా," అని సందులోకి నడిచింది.